వంటింటి వెనక గది

బ్రెజిల్ ఇళ్ల ఫోటోలు ఈమధ్య మనవాళ్ల ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. పూత లేని కాంక్రీటు గోడ, ఈ చివర నుంచి ఆ చివరదాకా జరిగే చెక్క తలుపులు, హాల్లోంచి బయట స్విమ్మింగ్ పూల్ గట్టు వరకూ పరిచిన ఒకే రాయి, పక్కన ఏపుగా పెరిగిన మొక్కలు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్న స్నేహితులు వాటిని నాకు పంపి "మీ దగ్గర ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయా?" అని అడుగుతుంటారు. ఉద్యోగరీత్యా సావో పాలోలో ఉంటున్నాను కదా, నాకు తెలిసే ఉంటుందని.

అలాంటి ఇళ్లు ఉన్నాయి. చాలా అందంగా కూడా ఉంటాయి. ఆర్కిటెక్టు మార్సియో కోగన్ ఆఫీసు 2009లో పరాటీ అనే తీరపు ఊరి దగ్గర ఒక దీవిలో కట్టిన ఇల్లు చూడండి. కొండ వాలులోంచి ముందుకు చొచ్చుకొచ్చిన రెండు కాంక్రీటు పెట్టెలు, కింద ఇసుక, ఎదురుగా సముద్రం. పడవ ఎక్కితే గానీ చేరలేరు. అలాంటి పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ బ్రెజిల్ నగరాల్లో మనుషులు ఎలాంటి ఇళ్లలో బతుకుతున్నారో, ఆ ఇళ్లను ఎందుకు పగలగొట్టి మార్చుకుంటున్నారో ఆ ఫోటోల్లో కనిపించదు. అది తెలియాలంటే వంటింటి వెనకాల ఉండే గదిలోకి వెళ్లాలి. గత పది పదిహేనేళ్లలో బ్రెజిల్ ఇంట్లో వచ్చిన అసలైన మార్పు ఆ గదిలోనే వచ్చింది. ఎక్కడ ఆగిపోయిందో కూడా అక్కడే తెలుస్తుంది.

మేం అద్దెకుంటున్నది 1960ల నాటి బిల్డింగ్. ఫ్లాట్‌కి రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, రెండోది నేరుగా వంటింట్లోకి. రెంటికీ వేర్వేరు లిఫ్టులు. హాలు వైపు లిఫ్టులో అద్దం, చెక్క పలకలు ఉంటాయి, వంటింటి వైపు దాంట్లో ఉత్త రేకు. వంటిల్లు దాటగానే బట్టలుతికే చోటు. గోడకు బిగించిన తొట్టి, దాని వాలు మీద బట్టలు రుద్దడానికి గరుకు గీతలు, పైకప్పు నుంచి తాళ్లతో కిందికీ పైకీ లాగే దండెం, పక్కనే గ్యాస్ గీజర్. అది కూడా దాటాక పనిమనిషి గది. మొత్తం కలిపితే అరవై చదరపు అడుగులు ఉంటుందేమో. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. కిటికీ ఉంది గానీ అది బట్టలుతికే చోట్లోకి తెరుచుకుంటుంది. లోపల పడుకున్న మనిషికి గాలి రావాలంటే తడిబట్టల మీదుగానే రావాలి. ఆ గదికి ఆనుకుని బాత్రూమ్. అందులో షవర్ సరిగ్గా కమోడ్ నెత్తి మీద ఉంది. ఇంట్లోని మిగతా రెండు బాత్రూముల్లో ఒక్కోదాంట్లో ఇద్దరు మనుషులు తిరగొచ్చు.

ఇది ఎవరో ఒక బిల్డర్ పిసినారితనం కాదు. ఆ కాలంలో మధ్యతరగతి కోసం కట్టిన ఫ్లాట్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికంటే చివర రద్దు చేసిన దేశం బ్రెజిల్, 1888లో. తోటల్లో యజమాని ఇంటికి దూరంగా ఉండే బానిసల కొట్టాలు పోయి నగరాల్లో పెరటి గదులు వచ్చాయి. పెరళ్లు లేని అపార్ట్‌మెంట్లు వచ్చేసరికి ఆ గది వంటింటి వెనక్కి చేరింది. ఇప్పటికీ దేశంలో ఇళ్లలో పనిచేసేవాళ్లు సుమారు 60 లక్షల మంది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆడవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. ఈ లెక్క పక్కన పెట్టుకుని ఫ్లాట్ ప్లాన్ చూస్తే ఆ గది ఎవరి కోసం గీశారో వేరే చెప్పక్కర్లేదు.

పేరున్న ఆర్కిటెక్టులు కూడా ఈ గీత దాటలేకపోయారు. సావో పాలోలోని మొరుంబి ప్రాంతంలో లీనా బో బార్డి తన కోసం కట్టుకున్న గాజు ఇల్లు 1951 నాటిది. ముందు భాగమంతా సన్నటి స్తంభాల మీద గాల్లో నిలబడిన గాజు హాలు, మధ్యలోంచి పైకి వెళ్లిన చెట్టు. ఫోటోల్లో కనిపించేది ఇదే. వెనక్కి వెళితే మామూలు గోడలు, చిన్న కిటికీలు. పడకగదుల తర్వాత ఒక ఖాళీ ఆవరణ, దాని అవతల పనివాళ్ల గదులు. ఆ రెండు వైపులనూ కలిపేది వంటిల్లు ఒక్కటే. అంత సాహసం చేసిన మనిషి, పేదవాళ్ల చేతిపనుల మీద అంత ప్రేమ ఉన్న మనిషి కూడా ఇల్లు గీసేసరికి పనివాళ్లను ఆవరణకు అవతలే పెట్టారు. లీనా మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో మాత్రం తెలిసొచ్చింది.

1960లో ప్రారంభమైన రాజధాని బ్రసీలియాలోనూ ఇదే కథ. సమానత్వం పేరు మీద గీసిన నగరం అది. అధికారీ గుమాస్తా ఒకే వరుసలో ఉంటారని, బిల్డింగుల కింద నేలంతా అందరిదనీ చెప్పుకున్నారు. ఆ బిల్డింగుల వెనక వైపు జాలీలు చూడండి. సిమెంటు జాలీ బ్రెజిల్‌కి 1929లో రెసిఫె నగరంలో దొరికిన గొప్ప వస్తువు. ఎండను ఆపుతుంది, గాలిని వదులుతుంది, చవక. మన పాత ఇళ్ల మెట్లగదుల్లో, వరండాల్లో ఉండే జాలీ లాంటిదే, అక్కడ కొబొగో అంటారు. బ్రసీలియాలో దాన్ని ఎక్కువగా వాడింది వంటిల్లు, బట్టల తొట్టి, పనిమనిషి గది ఉన్న వైపు. గాలి కోసమూ నిజమే, ఆరేసిన బట్టలూ పనీ బయటికి కనిపించకుండా ఉండటం కోసమూ నిజమే. ఇప్పుడు పాత ఫ్లాట్లు మార్చేవాళ్లు అదే కొబొగోను హాల్లోకి తెచ్చి, సోఫా వెనక అందమైన అడ్డుగోడగా నిలబెట్టి, వెనక నుంచి లైటు వేస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది, నాకూ నచ్చుతుంది. ఇన్నాళ్లూ దాని వెనక నిలబడి పనిచేసిన మనిషి ఎక్కడికి వెళ్లిందని మాత్రం ఆ ఇంటి గురించి రాసేవాళ్లు ఎవరూ అడగరు.

ఆవిడ ఎక్కడికి వెళ్లిందో చెప్పాలంటే చట్టం దగ్గరికి రావాలి. 2013 ఏప్రిల్‌లో 72వ రాజ్యాంగ సవరణ ఇంటిపని చేసేవాళ్లకు మిగతా కార్మికులతో సమానంగా హక్కులిచ్చింది. వారానికి 44 గంటలు, అది దాటితే ఓవర్‌టైమ్. 2015లో వచ్చిన చట్టం దానికి నిబంధనలు రాసి, యజమాని వాళ్ల పేరిట ఫండ్ కట్టడం తప్పనిసరి చేసింది. ఒకే ఇంట్లో వారానికి రెండు రోజులకు మించి పనిచేస్తే ఉద్యోగి కిందే లెక్క. అర్ధరాత్రి పాపకు పాలు కలపమని లేపితే ఆ గంటకూ జీతం ఇవ్వాలి. ఇంట్లోనే ఉండి పనిచేసే పద్ధతి అప్పటికే తగ్గుతూ వస్తోంది. ఇప్పుడు రోజు కూలికి వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. గది ఖాళీ అయింది. నగరంలో చదరపు మీటరు ధర ఆకాశాన్నంటుతుంటే అరవై చదరపు అడుగులు ఊరికే ఎవరు వదులుతారు? రియల్ ఎస్టేట్ వాళ్లు దానికి ఎలాగైనా వాడుకోగల గది అని కొత్త పేరు పెట్టారు. కొన్నవాళ్లు గోడలు పగలగొట్టడం మొదలుపెట్టారు.

పగలగొట్టడం కూడా అంత సులువేం కాదు. 2012 జనవరిలో రియో నడిబొడ్డున ఒక ఇరవై అంతస్తుల బిల్డింగ్ కూలి పక్కనున్న రెంటినీ తీసుకుపోయింది. ఇరవై మందికి పైగా ఆ శిథిలాల్లో పోయారు. కూలే సమయానికి ఆ బిల్డింగ్‌లో రెనొవేషన్ పని నడుస్తోంది. 2014లో దేశమంతటికీ ఒక ప్రమాణం తెచ్చారు. ఫ్లాట్‌లో నిర్మాణానికి సంబంధించిన మార్పు ఏది చేయాలన్నా ఆర్కిటెక్టో ఇంజనీరో బాధ్యత తీసుకుని సంతకం పెట్టాలి, ప్లాన్ ముందుగానే బిల్డింగ్ నిర్వాహకుడికి ఇవ్వాలి. బ్లాకు గోడలే బరువు మోసే బిల్డింగుల్లో గోడ జోలికే వెళ్లకూడదు. మన దగ్గర మేస్త్రీని పిలిచి "ఇది కొట్టేయ్ బాబూ" అన్నంత తేలిగ్గా అయిపోయే పనికి అక్కడ కాగితం ఉంది, ఆ కాగితానికి బాధ్యుడైన మనిషి ఉన్నాడు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ల దగ్గర మొహమాటం లేకుండా నేర్చుకోవాలి.

మా పై అంతస్తులో అలాంటి పనే నెలల తరబడి జరిగింది. అయ్యాక పిలిచి చూపించారు. ప్లాన్ మా ఫ్లాట్‌దే, ఇల్లు మాత్రం పూర్తిగా మారిపోయింది. వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. పనిమనిషి గది సగం వంటింట్లో కలిసింది, సగం కంప్యూటర్ టేబుల్ పెట్టుకునే చోటైంది. ఆ బాత్రూమ్ పచారీ సామాన్ల గదిగా మారింది. నేల మీద పెరోబా చెక్క పట్టీలు పాతవే, పైపొర గీకి మళ్లీ మెరుగు పెట్టారు. వంటింట్లో పాలిష్ సిమెంటు. మన ఎర్ర గచ్చు చూసి పెరిగినవాళ్లకి ఆ నునుపు వెంటనే నచ్చుతుంది. సాయంత్రం ఎండ హాలు కిటికీలోంచి పొయ్యి దాకా వస్తోంది. భార్యాభర్తలిద్దరూ వంట చేసుకుంటూనే పిల్లల్ని చూసుకుంటున్నారు. అంతా మంచి మార్పే.

వారానికి రెండు రోజులు ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడ కూడా ఆ రోజు అక్కడే ఉంది. హ్యాండ్‌బ్యాగు, మార్చుకునే బట్టలు వాషింగ్ మెషిన్ మీద ఉన్నాయి. నగరం అవతలి చివర నుంచి బస్సు, మెట్రో మారి వస్తుందట. భోజనం ఎక్కడ చేస్తారని అడిగితే కొత్తగా కట్టిన రాతి కౌంటర్ చూపించి, "ఇక్కడే, ఎవరూ లేనప్పుడు" అంది. బట్టలు మార్చుకోవడానికీ బాత్రూమ్‌కీ కిందికి, వాచ్‌మెన్‌ల గదికి వెళుతుంది.

నా వాదన ఇక్కడే ఉంది. ఆ గాలి లేని గది పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ గదిని ఖాళీ చేసి, ఆ జాగా అంతా యజమానులే పంచుకుని, పని చేసే మనిషికి సంచి పెట్టుకునే అర కూడా మిగల్చకపోతే గోడ పడగొట్టి ప్రయోజనం ఏంటి? వంటింటినీ హాలునూ కలిపామని సంబరపడే డిజైనర్ ఆ వంటింట్లో ఎవరెవరు నిలబడతారో లెక్కపెట్టాలి కదా. ఒక అలమరా, గడియ ఉన్న బాత్రూమ్ వాడుకునే హక్కు, అందరితో పాటు కూర్చునే కుర్చీ. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. ప్లాన్ గీసే రోజున గుర్తుంటే చాలు.

లిఫ్టుల సంగతీ ఇంతే. జాతి, రంగు, సామాజిక స్థాయి చూసి ఎవరినీ లిఫ్టు ఎక్కకుండా ఆపకూడదని సావో పాలో నగరం 1996లోనే చట్టం చేసింది. ఆ మాట రాసిన పలక మా బిల్డింగ్‌లోనూ లిఫ్టు పక్కన బిగించి ఉంది. అయినా ఇళ్లలో పనిచేసేవాళ్లు రేకు లిఫ్టులోనే ఎక్కడం రోజూ చూస్తున్నాను. వాళ్లను ఎవరూ ఆపరు. రెండు తలుపులు, రెండు లిఫ్టులు ఉన్న ప్లాన్ ఎవరు ఎటు వెళ్లాలో ఎవరూ నోరు తెరవకుండానే చెప్పేస్తుంది.

ఈ మధ్యకాలంలో కట్టిన బ్రెజిల్ ఇళ్లలో గొప్పది ఏదని నన్నడిగితే విలా మచిల్జీలోని ఇల్లు అంటాను. సావో పాలో తూర్పు వైపు శ్రామికులు ఎక్కువగా ఉండే పేట అది. ఇంటి యజమానురాలు జీవితమంతా ఇతరుల ఇళ్లలో పనిచేసిన స్త్రీ. ఆవిడ పాత ఇల్లు కురుస్తూ, గోడలు పాడైపోయి ఉండటానికి వీల్లేని స్థితికి వచ్చింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు 1,50,000 బ్రెజిల్ రియాల్స్. దాంతో ఫ్లాట్ కొనాలంటే చుట్టాలనీ ఇరుగుపొరుగునీ వదిలి ఎక్కడో దూరం పోవాలి. ఉన్నచోటే కట్టిపెట్టమని తెర్రా ఎ తుమా అనే ఆర్కిటెక్టుల దగ్గరికి వెళ్లారు.

స్థలం వెడల్పు 4.8 మీటర్లు, పొడవు 25 మీటర్లు. రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. పాత ఇల్లు కొట్టేస్తుంటే పక్కవాళ్ల గోడలు కూలకుండా కొద్దికొద్దిగా కొడుతూ, ఆనిస్తూ వెళ్లాల్సి వచ్చింది. కూల్చడానికీ పునాదికీ కలిపి నాలుగు నెలలు, పైకి లేపడానికి ఆరు. అంత ఇరుకు స్థలంలో మనం సాధారణంగా చేసేది మీకు తెలుసు. ముందు నుంచి వెనక్కి గదులన్నీ వరసగా పేర్చి, మధ్య గదుల్లో పగలే లైటు వేసుకుంటాం. వీళ్లు నడిమధ్యన ఆకాశం కనపడేలా ఒక చిన్న ఆవరణ వదిలారు. ముందు హాలు, వెనక పెద్దావిడ పడకగది. డెబ్భై దాటిన మనిషి మెట్లు ఎక్కక్కర్లేకుండా ఆవిడకు కావలసినవన్నీ కిందే. ఆ రెంటినీ కలుపుతూ ఆవరణ పక్కగా వంటిల్లు, బట్టలుతికే చోటు. అంటే ఇంట్లో పని జరిగే చోటు ఇంటి మధ్యలో, వెలుతురున్న చోట ఉంది. పైన చుట్టాల కోసం ఒక గది. హాలు స్లాబు మీద కూరగాయల మడి. కావాలంటే రేపు అక్కడ ఇంకో గది లేపుకోవచ్చు. మొత్తం 95 చదరపు మీటర్లు. గోడలు కాంక్రీటు బ్లాకులవే, ప్లాస్టరింగ్ లేదు, కరెంటు పైపులు పైకే కనిపిస్తాయి.

2015లో ఇల్లు పూర్తయింది, మరుసటి ఏడాది ఆర్క్‌డైలీ అనే ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్ పాఠకుల ఓట్లతో ఇళ్ల విభాగంలో ఆ ఏటి ఉత్తమ భవనంగా ఎంపికైంది. నేను ఆ ఫోటోలు మా బంధువులకు పంపితే వచ్చిన మొదటి ప్రశ్న "ప్లాస్టరింగ్ ఎప్పుడు చేస్తారట?" అని. అడగడంలో తప్పేం లేదు. మన దగ్గర ప్లాస్టరింగ్ లేని గోడంటే డబ్బులు అయిపోయి ఆగిన ఇల్లు. బ్రెజిల్‌లోనూ అంతే, కొండవాలు బస్తీల్లో ఎర్ర ఇటుక బయటికి కనిపించే ఇళ్లు లక్షల్లో ఉంటాయి. ఈ ఇంట్లో మాత్రం ప్లాస్టరింగ్‌కి, రంగులకి, టైల్స్‌కి పోయే డబ్బు పునాదిలోకి, స్లాబులోకి, ఆ ఆవరణలోకి వెళ్లింది. పరిమితమైన డబ్బుతో ఏది ముందు కొనాలో తేల్చుకోవడమే ఇక్కడ డిజైన్. ఎన్నో రెట్లు ఖర్చుపెట్టిన సముద్రతీరపు ఇంట్లో ఆ పరీక్షే ఎదురుకాదు.

ఇలాంటిదే ఇంకొకటి బెలో ఒరిజాంచి నగరంలో, సెర్రా బస్తీలో ఉంది. కాడూ దోస్ అంజోస్ అనే కళాకారుడి ఇల్లు, 66 చదరపు మీటర్లు. ఫెర్నాందో మకులాన్, జువానా మగల్యాయిస్ అనే ఆర్కిటెక్టులిద్దరూ లెవాంచి అనే బృందం తరఫున చేశారు. బస్తీలో అందరూ వాడే బోలు ఇటుకే వాడారు, నిలబెట్టి పేర్చే బదులు పడుకోబెట్టి పేర్చారు. గోడ మందమై ఎండ వేడి లోపలికి రావడం తగ్గింది. అదే ఇటుక, అదే మేస్త్రీ పని, తిప్పి పెట్టడంలోనే ఉంది తెలివంతా. 2023లో అదే పురస్కారం దీనికి వచ్చింది.

"రెండిళ్లకు బహుమతులొస్తే ఊరంతా మారిపోతుందా?" అని మా ఆఫీసులో ఒకాయన నాతో గట్టిగానే వాదించాడు. బ్రెజిల్‌వాడే. పేదల ఇల్లు అందమైన ఫోటో అయిపోతుందని, చూసినవాళ్లు మెచ్చుకుని ఊరుకుంటారని ఆయన కోపం. ఆ కోపం న్యాయమైనదే. ఆర్కిటెక్టుల మండలి 2015లో చేయించిన సర్వేలో, ఇల్లు కట్టుకున్నవాళ్లలో, మార్పులు చేసుకున్నవాళ్లలో సుమారు 85 శాతం మంది ఆర్కిటెక్టు గానీ ఇంజనీరు గానీ లేకుండానే చేసుకున్నామని చెప్పారు. ఆదివారం చుట్టాలు, స్నేహితులు వచ్చి స్లాబు వేస్తారు, ఇంటివాళ్లు భోజనం పెడతారు, కొడుకు పెళ్లయ్యాక ఆ స్లాబు మీద ఇంకో అంతస్తు లేస్తుంది. మన పల్లెల్లో, కాలనీల్లో స్లాబు రోజున ఉండే హడావుడే. కానీ దానికి ఆ ఇళ్లను ఫోటో తీయకపోవడం పరిష్కారం కాదు. మూడు కనీస వేతనాల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇల్లు గీసి కట్టించడంలో సాంకేతిక సాయం ఉచితంగా అందాలని 2008 నాటి 11,888 నంబరు చట్టం చెబుతోంది. చట్టం పుస్తకంలో ఉంది, ఊళ్లలో దానికి డబ్బూ మనుషులూ చాలినంత లేరు. విలా మచిల్జీ ఇల్లు చూశాక ఆ చట్టం ఏం ఇవ్వగలదో ఎవరికైనా అర్థమవుతుంది. అప్పుడు మున్సిపాలిటీని నిలదీయడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఇక మన సంగతి. సావో పాలోలో మధ్యతరగతి పగలగొడుతున్న ఆ గదిని హైదరాబాద్‌లో మనం కొత్తగా కడుతున్నాం. కోకాపేట, నార్సింగి వైపు వచ్చే పెద్ద ఫ్లాట్ల బ్రోచర్లు స్నేహితులు నాకూ పంపుతుంటారు. నాలుగు బెడ్‌రూములు, వాటి పక్కన యుటిలిటీ, దాన్ని ఆనుకుని మెయిడ్ రూమ్, బయట సర్వీస్ లిఫ్ట్. ఆ ప్లాన్లు కొన్ని చూస్తే మా 1960ల ఫ్లాటే మళ్లీ గీసినట్టుంటుంది. కిటికీ ఉంటే యుటిలిటీలోకి, లేకపోతే అదీ లేదు. బిల్డర్‌ని అడిగితే "కస్టమర్లే కావాలంటున్నారండీ" అంటాడట. నిజమే అయ్యుండొచ్చు. ఊరి నుంచి వచ్చి ఇంట్లోనే ఉండి పెద్దవాళ్లను చూసుకునే మనిషికి రాత్రి తలదాచుకునే గది కావాలనే మాటా నిజమే. అలాంటప్పుడు ఆ గదికి బయటి గోడ ఉండాలి, ఆ గోడకు కిటికీ ఉండాలి. మంచం, బీరువా వేశాక తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. షవర్ కింద కమోడ్ ఉండకూడదు. లిఫ్టు అందరికీ ఒకటే, సామాన్లకు వేరేది.

ఇల్లు కొంటున్న స్నేహితులకు నేనిప్పుడు కాంక్రీటు గోడల ఫోటోల బదులు ఒక చిన్న పని చెబుతున్నాను. మోడల్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు మాస్టర్ బెడ్‌రూమ్ కన్నా ముందు మెయిడ్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. మోడల్ ఫ్లాట్‌లో ఆ గది తెరిచి లేకపోతే తాళం అడిగి తీయించండి. అక్కడ మీరు ఉండలేమనిపిస్తే బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు ప్లాన్ మార్చమని రాసివ్వండి. ఒక టవర్‌లో పదిమంది రాసిచ్చినా మార్చక తప్పదు, వాళ్లకు కావలసింది మన సంతకాలే కాబట్టి.